దస్తావేజులో లేని నీళ్లు

"రేపు ఆదోనికి నువ్వు పోవద్దు," అన్నాడు గురురాజ.

కృష్ణాబాయి బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చేట మీంచి తల ఎత్తలేదు.

"పోకుంటే మళ్లా పిలుస్తారు. కాగితంలో అట్లనే రాసుంది గదా."

"ఒంట్లో బాగలేదని రాసిద్దాం. డాక్టరు చీటీ నేను తెస్తాను."

"నాకు బాగనే ఉంది."

కాగితం అంటే సమన్లు. ఆదోని మున్సిఫ్ కోర్టు నుంచి మొన్న అమీను తెచ్చి ఇచ్చాడు. ఇస్మాయిల్ వేసిన దావాలో, ఇస్మాయిల్ తరఫు సాక్షిగా, ప్రతివాది గురురాజ తల్లి కృష్ణాబాయి హాజరు కావాలని అందులో ఉంది. గురురాజ నూలు గిడ్డంగిలో గుమస్తా పనికి పోయిన వేళ అది వచ్చింది. ఆమె సంతకం చేసి తీసుకుంది. సాయంత్రం ఆ సంగతి తెలిశాక అతను తల్లితో రెండు రోజులు మాట్లాడలేదు. మాట్లాడడం ఇదే మొదలు.

వంటింటి గడపలో కాఫీ గ్లాసు పట్టుకుని కోడలు అంబాబాయి నిలబడింది.

"కొడుకు మీద తల్లే సాక్ష్యం చెప్పిందంటారు అత్తా. ఎమ్మిగనూరులో మేం తలెత్తుకుని తిరగాల్నా వద్దా?"

"కొడుకు మీద కాదమ్మా. కాలువ మీద."

"రెండూ ఒకటే," అన్నాడు గురురాజ.

ఆ కాలువ ఎగువ చేనులో ఉంది. ఆదోని రోడ్డు మీద నాలుగు మైళ్లు పోతే గుట్ట కింద వీళ్ల చేను. గుట్ట పాదంలో ఊటగుంట. గుంట అంచుకు రాతి తూము. ఎవరూ తోడకుండానే ఆ తూములోంచి నీళ్లు రాతికాలువలో పడి దిగువ చేనుకు పారేవి. దిగువ చేను ఇస్మాయిల్‌ది. పదేళ్ల కిందట గురురాజ తండ్రి సేతుమాధవరావు అయ్యవారే దాన్ని అతనికి అమ్మాడు. దస్తావేజులో నాలుగు దిక్కుల హద్దులూ ఉన్నాయి. నీళ్ల మాట లేదు.

మూడు వారాల కిందట గురురాజ ఆ కాలువకు అడ్డంగా మట్టికట్ట వేశాడు.

"నాయన అమ్మింది చేను. నీళ్లు అమ్మినాడా? అమ్మినాడని కాగితంలో చూపించమను. చూపిస్తే నేనే కట్ట తీసేస్తా."

కృష్ణాబాయి ఇంకో రాయి ఏరి పక్కన పడేసింది.

"పెరట్లోకి పోయి చూడు ఒకసారి. రెండు వందల బత్తాయి మొక్కలు. గోనెపట్టాల్లో ఏర్లు ఎండిపోతాండాయి. రెండేండ్లుగా వానల్లేవు, ఊట సగానికి సగం పడిపోయింది. నా తోటకే చాలవు. ఇంక ఆయన మిరపకు యాడనుంచి ఇచ్చేది?"

"ఈ మాటే ఇస్మాయిల్‌ను కూర్చోబెట్టుకుని చెప్పుంటే సరిపోతుండె."

"నా నీళ్లు నేను వాడుకునేదానికి ఆయన్ని అడుక్కోవాల్నా?"

అంబాబాయి కాఫీ గ్లాసు భర్త పక్కన పెట్టింది. అతను ముట్టుకోలేదు. తల్లికి ఎదురుగా గొంతుక్కూర్చుని, గొంతు తగ్గించాడు.

"నిన్ను ఒకటే అడుగుతారు. ఆ రాతికాలువ చేను అమ్మక ముందు కట్టిందా, అమ్మినాక కట్టిందా అని. గుర్తులేదను. అంతే. అది అబద్ధం కూడా కాదు. పన్నెండేండ్ల కిందటి మాట ఎవరికి గుర్తుంటాది?"

"చూసినావా. పన్నెండేండ్లని నువ్వే అంటివి," అంది కృష్ణాబాయి.

గురురాజ ముఖం ఎర్రబడింది. చేను అమ్మి పదేళ్లు. కాలువకు పన్నెండేళ్లు అయితే అది అమ్మకానికి ముందుదే.

"ఏదో నోటికొచ్చింది. నాకేం తెలుసు? నేను అప్పుడు కర్నూల్లో చదువుతాండాను."

"అవును. అందుకే నీకు తెలీదు. నాకు తెలుసు."

గురురాజ లేచి చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. కాఫీ మీద మీగడ కట్టింది. కృష్ణాబాయి రాళ్లు ఏరడం ముగించి, బియ్యం కడగడానికి లేచింది.

* * *

దిగువ చేనులో మిరపచెట్లు పైనుంచి వాడుతున్నాయి. ఆకు ముడుచుకుంది. కాయ పండకముందే తెల్లబడుతోంది.

ఇస్మాయిల్ భార్య రహమత్ బీ పండిన కాయల్ని ఏరి ఒడిలో వేసుకుంటూ, సాలు చివర కూర్చున్న భర్తను అడిగింది.

"ఇదో, వకీలు ఏమన్నాడో సక్కగా సెప్పు. నిన్నట్నించి గొణుగుతాండావు."

ఇస్మాయిల్ తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. యాభై దాటిన మనిషి. కొనక ముందు ఇదే చేనును అయ్యవారి దగ్గర కౌలుకు చేసినవాడు.

"శేషప్ప వకీలు మూడు సంగతులు సెప్పినాడు. అమ్మిననాడు ఆ కాలువ కండ్లకు కనపడతా ఉండాల. మనిషి తోడకుండా తనంతట తానే పారతా ఉండాల. అది లేకుంటే ఆ చేను అప్పటి మాదిరి పండేటట్టు ఉండగూడదు. ఈ మూడూ ఉంటే, దస్తావేజులో రాయకున్నా నీల్లు చేనెంబడే వస్తాయంట. అమ్మినోడు ఇచ్చినట్టే ఇచ్చి మల్లా గుంజుకోగూడదంట."

"ఈ మాట ఆయప్పే పుట్టించినాడా?"

"లేదే. ఇంగ్లీషోల్ల కోర్టులో సరిగ్గా నూరేండ్ల కింద తేల్చిన మాటంట. మన చట్టంలో గూడా ఉండాదంట. పదమూడో సెక్షనో ఏమో అన్నాడు."

"మరింగ బాధేముండాది?"

"మొదటిదాని కాడే బండి ఆగిపోయిండాది. కాలువ అమ్మినాక కట్టిందని, అయివోరు దయతలచి నీల్లు ఇడిసినాడని గురురాజ సామి కోర్టుకు రాసిచ్చినాడు. దయతలచి ఇచ్చింది ఎప్పుడంటే అప్పుడు ఆపొచ్చంట. బండలు పరిసిన తిక్కయ్య సచ్చిపాయె. నా మాట నాకు పనికిరాదు. అమ్మే సెప్పాల."

"కన్నకొడుకును కాదని సెప్తాదా?"

"సెప్పకుంటే ఇంగ మనకు లేదు."

రహమత్ బీ ఒడిలో కాయలు గంపలో పోసింది. చేను అంచున వెడల్పుగా ఉన్న గట్టును చూపించింది. ఎగువ చేనుకు పోయే బండ్లు ఆ గట్టు మీదుగానే రోడ్డెక్కుతాయి.

"ఆ దోవ మన చేన్లోది గదా. వాల్లు దాని మీద పోతాండారే, అది దస్తావేజులో ఉండాదా?"

"లేదు."

"మరి?"

ఇస్మాయిల్ గట్టు వైపు చూస్తూ చెప్పాడు. "వకీలు అదీ అడిగినాడు. కొన్నోనికి రాయకున్నా వస్తాది గానీ, అమ్మినోడు తనకోసం ఏమన్నా ఉంచుకోవాలంటే రాసుకోవాలంట. పైగా దోవ నీల్ల మాదిరి కాదంట. మనిషి నడిస్తేనే దోవ. వాల్లకు గుట్ట సుట్టూ ఇంగో దోవ ఉండాది, దూరమే గానీ ఉండాది. మనం మూసినా వాల్లు ఏమీ సేయలేరంట."

"అయితే ఈ పొద్దే కంప ఎయ్యి."

"వద్దు."

"ఎందుకొద్దు? వాల్లు నీల్లకు కట్ట ఏసినారు. మనం దోవకు కంప ఏస్తే తప్పా?"

"తప్పని వకీలు గూడా అనలేదులే. ఆ కట్ట ఎయ్యడం తప్పని నేను కోర్టు కెక్కినా. రేపు అమ్మ బోనెక్కి సెప్తాది. ఈ పక్క నేను దోవ మూసి పెట్టుకుంటే ఆమె మొగం ఎట్ల సూసేది?"

"ఆమె మొగం సూస్తావు. నా పిల్లోల్ల మొగం సూడవు."

ఇస్మాయిల్ తలగుడ్డ చుట్టుకుని లేచాడు. రహమత్ బీ మళ్లీ సాల్లోకి వంగింది.

* * *

కృష్ణాబాయి మొదటి బస్సుకే ఆదోని చేరింది. గురురాజ ఆమెతో రాలేదు. వేరే పని చూసుకుని వస్తానని భార్యతో చెప్పి, తెల్లవారకముందే ఇల్లు వదిలాడు. కోర్టు వరండాలో తల్లికి అతను కనిపించేసరికి పదకొండు దాటింది. ప్యాంటు అంచులకు తెల్లటి రాతిపొడి అంటుకుని ఉంది. ఆమె చూసింది కానీ అడగలేదు.

పిలుపు వచ్చింది. ఆమె బోనెక్కి ప్రమాణం చేసింది.

ఇస్మాయిల్ వకీలు శేషప్ప ఎక్కువ అడగలేదు.

"అమ్మా, ఊటగుంట నుంచి దిగువ చేనుకు పోయే రాతికాలువ ఎప్పుడు కట్టించినారు?"

"చేను అమ్మడానికి రెండేండ్ల ముందు."

"ఎట్లా తెలుసు మీకు?"

"బండలు పరిచే తిక్కయ్యకూ, కూలోల్లకూ నేనే రొట్టెలు కట్టుకుపోయినా. ఎనిమిది దినాలు."

"అమ్మేనాటికి ఆ నీళ్లు ఎవరి చేనుకు పారుతున్నాయి?"

"దిగువ చేనుకే. దాని కోసమే గదా కట్టించింది. అప్పుడు రెండు చేన్లూ మావే."

శేషప్ప కూర్చున్నాడు. గురురాజ తరఫు వకీలు లేచాడు. వయసులో చిన్నవాడు, మాట మెత్తన.

"అమ్మా, మీకెన్నేళ్లు?"

"యాభై ఎనిమిది."

"పన్నెండేళ్ల కిందటిదీ, ఎనిమిదేళ్ల కిందటిదీ ఈ వయసులో కలగలిసిపోవడం మామూలే గదా?"

"కొన్ని కలుస్తాయి."

"బండలు పరిచింది వెయ్యిన్నీ తొమ్మిది వందల డెబ్భై ఒకటిలో, అంటే అమ్మిన రెండేళ్లకు అని నేనంటున్నాను. రొట్టెలు కట్టుకుపోయింది కూడా అప్పుడే. కాదంటారా?"

"కాదు."

"అంత గట్టిగా ఎలా చెబుతారు?"

కృష్ణాబాయి కటకటాల మీద చేయి వేసింది. "అరవై తొమ్మిదిలో కర్నూల్లో నాకు కడుపు ఆపరేషన్ అయింది. దాని కోసమే మా ఆయన దిగువ చేను అమ్మినాడు. ఆపరేషన్ అయినాక నేను ఆ చేనుకు పోలేదు."

"ఎన్నాళ్లు?"

"ఈ దినం వరకు."

"పదేళ్లుగా సొంత చేనుకు పోలేదంటే నమ్మేట్టుందా అమ్మా?"

"మొదట్లో డాక్టరు గుట్టలెక్కొద్దన్నాడు. తర్వాత నాకే పోబుద్ధి కాలేదు. నా కోసం పోయిన చేను. దాని పక్కన నిలబడి ఏం చూసేది?"

మున్సిఫు రాసుకోవడం ఆపి తలెత్తాడు.

"కాలువను మీరు కళ్లారా చూశారా?"

"చూసినా అయ్యా. తూము పక్కన ఒక బండ పగిలి ఉంటే, తిక్కయ్య పగులు కిందికి తిప్పి పరిచినాడు. నేను వద్దన్నా వినలేదు."

మున్సిఫు గురురాజ వకీలు వైపు తిరిగాడు. "అమ్మకం తర్వాత ఈమె చేనుకు వెళ్లలేదంటే, కాలువను అంతకు ముందే చూసి ఉండాలి. వెళ్లిందని మీ కక్షిదారు అంటున్నాడా?"

వకీలు వెనక్కి చూశాడు. గురురాజ బల్ల మీంచి లేచి నిలబడ్డాడు. అవునంటే చాలు, తల్లి మాట వీగిపోతుంది. కోర్టులో అందరూ అతన్నే చూస్తున్నారు. కృష్ణాబాయి మాత్రం కటకటాల మీది తన చేతిని చూసుకుంటోంది.

"పోలేదు సార్," అన్నాడు గురురాజ.

వకీలు కాగితాలు సర్దుకుని కూర్చున్నాడు.

మధ్యాహ్నం మూడింటికి ఉత్తర్వు వచ్చింది. దావా తేలేవరకు కాలువకు అడ్డు ఉండకూడదు. మర్నాడు ఉదయం అమీను వెళ్లి కట్ట తీయించాలి.

వరండాలో ఇస్మాయిల్ కృష్ణాబాయికి ఎదురుపడ్డాడు. చేతులు జోడించాడు.

"నీ కోసం చెప్పలేదు ఇస్మాయిలూ," అంది ఆమె. "ఉన్నది అడిగినారు, చెప్పినా. మిరప పూర్తిగా పోయిందా?"

"సగం నిలుస్తాదేమో అమ్మా, రేపు తడి తగిలితే."

"పో అయితే. బస్సు దొరకదు మళ్లా."

* * *

తిరుగు బస్సులో గురురాజ రెండు టికెట్లు తీసుకుని తల్లి పక్కనే కూర్చున్నాడు. పత్తి బోరాలు ఎత్తిన లారీలు అడ్డమై ఊరు దాటేసరికే అరగంట పట్టింది.

"నేను నిన్ను అబద్ధం చెప్పమనలేదు. రావద్దన్నా, అంతే," అన్నాడు.

"నువ్వూ చెప్పలేదు గదా. లేచి నిలబడి నిజమే చెప్పితివి."

"నువ్వు బోనులో ఉంటే ఇంకేం చెప్పేది?"

బస్సు ఒక పల్లె దగ్గర ఆగి మళ్లీ కదిలింది.

"నాయన నన్నడగకుండా అమ్మినాడు," అన్నాడు గురురాజ హఠాత్తుగా.

"అడిగేదానికి టైము లేకపాయె. డాక్టరు నాలుగు దినాలే గడువిచ్చినాడు."

"ఒక జాబు రాసింటే రాత్రికి రాత్రే వస్తుంటి. నేను కర్నూల్లోనే గదా ఉండేది. నిన్ను చేర్పించింది ఆడనే గదా. ఆసుపత్రికి నేను రోజూ వస్తాంటి. నీ మంచం పక్కనే కూర్చుంటాంటి. ఒక్కరు కూడా చెప్పలేదు. చేను పోయిందని సెలవులకు ఊరికొచ్చినాక మాదన్న చెప్తే తెలిసె. జీతగాడు చెప్తే తెలిసె నాకు."

కృష్ణాబాయి కొడుకు వైపు తిరిగింది. ఈ మాట ఆమె ఇంతవరకు వినలేదు.

"చెప్పింటే వద్దనేవాడివా?"

"నీ ప్రాణమంటే వద్దంటానా? వద్దనేదానికి కాదు. నన్ను మనిషిగా లెక్క వెయ్యలేదు, అదే."

భర్త బతికి లేడు. ఆయన తరఫున క్షమించమనడం ఆమెకు చేతకాలేదు. కొడుకు మోకాలి మీద చేయి వేసింది. గురురాజ ఆ చేయి తీసేయలేదు, తన చేయి దాని మీద వేయలేదు. ఎమ్మిగనూరు వచ్చేవరకు అట్లానే కూర్చున్నారు.

ఇంటికి వచ్చాక ముగ్గురూ అన్నం తిన్నారు. ఎవరూ కోర్టు మాట ఎత్తలేదు.

* * *

మర్నాడు కృష్ణాబాయి లేచేసరికి గురురాజ ఇంట్లో లేడు. పెరట్లో బత్తాయి మొక్కలూ లేవు. గోనెపట్టాలు ఉన్న చోట తడి నేల మాత్రం ఉంది.

"మొక్కలేవమ్మా?"

అంబాబాయి ముఖంలో చాలా రోజుల తర్వాత తేలిక కనిపించింది. "చేనుకు తీసుకుపోయినారు అత్తా. కట్ట తీస్తే తీయనీలే. మీరింక మనసులో ఏం పెట్టుకోవద్దు. మనకు వేరే నీళ్లు పడినాయి."

"వేరే నీళ్లా?"

"బోరు. నిన్న తెల్లవారుజామునే మిషను పోయింది. రాత్రికే నీళ్లు తగిలినాయంట, తొంభై అడుగుల్లో. మీకు చెప్పొద్దన్నారు. కోర్టులో మనసు చెదురుతాదని."

"యాడ వేసినారు?"

"ఊటగుంట పక్కనే. ఆడ జల గట్టిగా ఉందని నీళ్ల జాడ చూసినాయన చెప్పినాడంట."

కృష్ణాబాయి పైట సర్దుకుని వీధిలోకి నడిచింది. రెండు వీధుల అవతల మాదన్న బండి కడుతున్నాడు.

"చేనుకు పోనీ మాదన్నా."

మాదన్న కాడి పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. "ఏ చేనుకమ్మా?"

"మా చేనుకే."

* * *

గుట్ట కింద బండి ఆగింది. ఎగువకు నడవడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. మిషను చప్పుడు రోడ్డు మీదినుంచే వినిపిస్తోంది.

అప్పటికి కట్ట తీసేశారు. తవ్విపోసిన మట్టి పక్కన కుప్పగా ఉంది. కాలువ పొడిగా ఉంది. ఊటగుంటలో నీళ్లున్నాయి, కానీ తూము అంచుకు రెండు వేళ్ల కిందికి దిగిపోయాయి. ఆ పక్కన పది అడుగుల దూరంలో బోరు గొట్టంలోంచి నీళ్లు మనిషెత్తు లేచి, గురురాజ కొత్తగా తీసిన పాదుల్లోకి పారుతున్నాయి.

అమీను కాగితం బండ మీద పెట్టి ఇస్మాయిల్‌ను పిలుస్తున్నాడు.

"కట్ట తీయించినా. ఇక్కడ సంతకం పెట్టు."

"నీల్లు రాలేదు గదా సామీ."

"అడ్డు తీయించమని ఉంది నా కాగితంలో. నీళ్లు రప్పించమని లేదు."

రహమత్ బీ కింది నుంచి గట్టిగా అరిచింది. "మిషను లారీ మన గట్టు మీదనే పోయిండాది! ఇదో సూడు, సక్రాలు దిగబడినాయి. కంప ఎయ్యమంటే ఏసినావా నువ్వు?"

ఇస్మాయిల్ ఆమె వైపు చూడలేదు. గుంట దగ్గర కూర్చుని, తూము అంచు మీద వేళ్లు పెట్టి, నీళ్లు ఎంత కిందున్నాయో కొలుచుకున్నాడు. తర్వాత లేచి గురురాజ ముందుకు వచ్చాడు.

"సామీ, ఇది న్యాయమేనా?"

"ఉత్తర్వు ప్రకారం కట్ట తీసినా," అన్నాడు గురురాజ. రాత్రంతా నిద్రలేని కళ్లు. "కాలువకు అడ్డులేదు. పారితే తీసుకో. నా చేన్లో నేను బోరు వేసుకోవద్దని ఏ కోర్టూ అనలేదు. నేను నీ మీద పగతో వెయ్యలేదు, అన్నా. నా మొక్కలు చస్తాండాయి."

మూడు వారాల తర్వాత అతను 'అన్నా' అని పిలవడం అదే మొదటిసారి. ఇద్దరికీ అది తెలిసింది. ఇద్దరూ పట్టించుకోనట్టు ఉండిపోయారు.

అప్పుడే కృష్ణాబాయి మాదన్న భుజం పట్టుకుని పైకి వచ్చింది. తల్లిని చూసి గురురాజ రెండడుగులు ముందుకు వేశాడు.

"నువ్వెందుకు వచ్చినావు? ఎవరు రమ్మన్నారు?"

ఆమె అతన్ని దాటుకుని మిషను దగ్గరకు పోయింది. ఇంజను పక్కన నిలబడ్డ మనిషి ఆమెను చూసి తలగుడ్డ సవరించుకున్నాడు.

"నీ పేరేందప్పా?"

"దుర్గప్పమ్మా."

"ఎవరు పిలిస్తే వచ్చినావు?"

"గురురాజ సార్ పిలిస్తేనే."

"ఈ చేను ఎవరి పేరున ఉందో అడిగినావా?"

దుర్గప్ప అయోమయంగా గురురాజ వైపు చూశాడు. గురురాజ పెదవులు బిగించాడు. సేతుమాధవరావు చనిపోయిన ఏడాది కరణం పట్టాలో రెండు పేర్లు ఎక్కించాడు. కొడుకుది ఒకటి, భార్యది ఒకటి. శిస్తు కట్టేటప్పుడు తప్ప ఆ రెండో పేరు ఎవరికీ గుర్తురాలేదు. ఇన్నేళ్లలో కృష్ణాబాయికి కూడా రాలేదు.

"ఇందులో సగం నాది," అంది ఆమె. "నన్ను అడగలేదు. మిషను ఆపు."

"అమ్మా, పక్కకు రా. ఇంటికి పోయి మాట్లాడుకుందాం," అన్నాడు గురురాజ.

"ఆపప్పా. ఆపినాక ఎవరితో అయినా మాట్లాడతా."

దుర్గప్ప ఇంజను ఆపాడు. లేచిన నీళ్లు కూలబడ్డాయి. నిన్న తెల్లవారుజాము నుంచి మోగుతున్న చప్పుడు పోయేసరికి అందరికీ చెవులు గింగురుమన్నాయి. పాదుల్లో నీళ్లు ఇంకుతున్న సద్దు వినిపించింది.

గురురాజ తల్లి ముందుకు వచ్చి నిలబడ్డాడు. అరవలేదు. అరిచి ఉంటే ఆమెకు తేలిగ్గా ఉండేది.

"నాయన నన్నడగలేదని నిన్న బస్సులో చెప్పినా. ఈ పొద్దు నేను నిన్నడగలేదని నువ్వు చెప్తాండావు. సరే. తప్పు నాదే. అయితే పంచుకుందాం. నీ సగం నీకు, నా సగం నాకు. కరణాన్ని ఈ పొద్దే పిలిపిస్తా, ఈయన ముందరే గీత గీద్దాం." అమీను వైపు చెయ్యి చూపించాడు. "ఏ సగం కావాల నీకు? చెప్పు."

ఇస్మాయిల్ చెయ్యి ఎత్తాడు. "అమ్మా, నా మూలంగా మీ ఇల్లు..."

"నువ్వుండు ఇస్మాయిలూ."

కృష్ణాబాయి చేను నాలుగు మూలలా చూసింది. పదేళ్లలో గట్లు మారాయి. తాను వదిలిపోయిన చింతమొక్క ఎక్కడుందో తెలియలేదు. పైన గుట్ట, కింద వాడిన మిరప, మధ్యలో నిన్న రాత్రి నాటిన మొక్కలు రెండు వరుసలు. చిన్న చిన్న ఆకులు అప్పుడే నిక్కుతున్నాయి.

"ఈ సగం," అంది.

"ఏ సగం?"

"ఊట ఉండే సగం."

బోరు గొట్టం ఉన్నదీ ఆ సగంలోనే. మొక్కల రెండు వరుసలూ ఆ సగంలోనే. గురురాజ మొక్కల వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు.

దుర్గప్ప ఇద్దరిలో ఎవరిని అడగాలో తెలియక, ఇద్దరి మధ్యా చూస్తూ అడిగాడు.

"ఇంగ నన్నేం సెయ్యమంటారు? గొట్టాలు దించాల్నా, ఎత్తుకోవాల్నా?"